ఫ్రీ లంచ్ ఫారం నింపాలా, వద్దా?

డాలస్ శివారులో ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

భర్తది ఐటీ ఉద్యోగం. మార్చిలో లేఆఫ్ అయింది. 2020 అక్టోబరులో గ్రీన్ కార్డు వరుసలో డేట్లు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు అందరిలాగే వీళ్లూ ఐ-485, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తు, వేసుకున్నారు. అది ఇంకా పెండింగ్‌లోనే ఉంది. ఈఏడీలు, అంటే పనిచేసుకోవడానికి అనుమతి కార్డులు, ఉన్నాయి కాబట్టి దేశం వదిలి వెళ్లాల్సిన తొందర లేదు, కానీ ఉద్యోగమూ దొరకలేదు. జూన్ నుంచి ఆయన ఒక ఇండియన్ గ్రాసరీ స్టోర్‌లో గంటల లెక్కన పనిచేస్తున్నారు. ఈమె డేకేర్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నారు. పన్నులు కోయకముందు ఇద్దరిదీ కలిపి నెలకు సుమారు 4,500 డాలర్లు వస్తుంది. అందులోంచే మార్ట్‌గేజ్ కట్టాలి, అత్తమామలకు పంపాలి.

అమ్మాయి ఏడో తరగతి. హైదరాబాద్‌లో పుట్టింది. అబ్బాయి మూడో తరగతి, అమెరికాలోనే పుట్టాడు. స్కూల్లో లంచ్ మూడు డాలర్ల పైమాటే. సెప్టెంబరులో ఒక రోజు డేకేర్‌లో ఉండగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అమ్మాయి లంచ్ అకౌంట్‌లో డబ్బులు అయిపోయాయని. ఆ వారం నుంచి ఈమె బాక్స్ కట్టడం మొదలుపెట్టారు. సాయంత్రం బ్యాగ్ తీస్తే రేకు కాగితంలో చుట్టిన చపాతీ రోల్ ఎలా పెట్టింది అలాగే ఉంటోంది. అడిగితే "ఆకలి వేయలేదమ్మా" అంటోంది పిల్ల.

ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకు ఇచ్చే ఫ్రీ, రిడ్యూస్డ్ ప్రైస్ (తగ్గింపు ధర) లంచ్‌కు ఆన్‌లైన్ ఫారం ఉందని ఈమెకు తెలుసు. సంతకం దాకా నింపి ఆపేశారు. భర్త ఒప్పుకోలేదు. "మనం ఇంకా అంత దిగజారలేదు" అన్నారు, ఆ వెంటనే "గ్రీన్ కార్డు పోతుంది" అన్నారు. ఆయన ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి. ఆ మాట గుర్తుచేస్తే రెండు రోజులు మాట్లాడలేదట.

ఈమెను తొలిచేస్తున్నది ఇంకొకటి ఉంది. 2017లో ఇల్లు కొనేటప్పుడు రేటింగ్ సైట్లు ముందేసుకుని, ఫ్రీ లంచ్ శాతం ఎక్కువున్న స్కూళ్లన్నీ కొట్టేసింది తనే. "ఇప్పుడు మా పిల్లలు ఆ శాతంలోకి వెళతారు. మేం బీదవాళ్లం అయిపోయామా? ఇల్లుండి, కారుండి ఇది తీసుకుంటే మోసం కాదా? కెఫెటేరియాలో వలంటీరుగా వచ్చే తెలుగు వాళ్లకు తెలిస్తే? మా వల్ల స్కూల్ రేటింగ్ పడిపోతుందా?" అని అడుగుతున్నారు.

---

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగైదు భయాలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. విడదీసి చూస్తే వాటిలో కొన్నింటికి ఆధారమే లేదు. ఒకటి మాత్రం మీరు అనుకుంటున్న దానికంటే పెద్దది, దాని మీద మీ చూపు పడలేదు.

గ్రీన్ కార్డుతో మొదలుపెడతాను. ఇంట్లో ఆ మాట రాగానే చర్చ ఆగిపోతోంది కదా. ప్రభుత్వ సాయం మీద ఆధారపడి బతుకుతారని అనుకుంటే గ్రీన్ కార్డు నిరాకరించే నిబంధన ఒకటి ఉంది. దాన్ని పబ్లిక్ చార్జ్ అంటారు. మీ వారు భయపడుతున్నది దానికే. 2019లో దాన్ని బాగా బిగించి ఫుడ్ స్టాంపులు, ఇంటి అద్దె సాయం, చాలావరకు మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవారి ఆరోగ్య బీమా) కూడా లెక్కలోకి తెచ్చారు. అంత బిగించిన రోజుల్లో కూడా బడి భోజనాన్ని అందులో చేర్చలేదు. ఆ తర్వాత వచ్చిన 2022 నిబంధనల్లోనూ అది లేదు. ఇంకొకటి. 1996 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం వలస వచ్చినవారికి చాలా పథకాల తలుపులు మూసింది. కానీ బడి భోజనం దగ్గర మాత్రం పౌరసత్వం చూసి తేడా చూపకూడదని అందులోనే ఉంది. అంటే అమెరికాలో పుట్టిన మీ అబ్బాయికి, హైదరాబాద్‌లో పుట్టిన మీ అమ్మాయికి ఈ విషయంలో ఒకే హక్కు. ఫారంలో ఇమిగ్రేషన్ స్టేటస్ అడిగే చోటే లేదు. సంతకం చేసే పెద్దవారి సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు అడుగుతారు, అంతే.

ఒక జాగ్రత్త చెబుతాను. మెడికెయిడ్, ఫుడ్ స్టాంపుల వంటివి వేరే సంగతి, వాటిని దీనితో కలపకండి. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతంలో బడులన్నిటినీ నడిపే సంస్థల) ఫారంతో పాటు, మీ వివరాలు పిల్లల ఆరోగ్య బీమా పథకాలకు పంపవచ్చా అనే ప్రశ్న కూడా వస్తుంది. ఇష్టం లేకపోతే వద్దని చెప్పే వీలుంది, చెప్పండి. నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి కాబట్టి, మీ లాయర్‌కు ఒక్క మెయిల్ పెట్టి ఖాయం చేసుకుంటే మీ వారికి కూడా నమ్మకం కుదురుతుంది.

ఆ మెయిల్‌లోనే అసలు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఇందాక నేను పెద్దదన్నది దీన్నే. మీ ఐ-485 తేలే సమయానికి మీ వారికి పాత ఉద్యోగం లాంటిదే, అదే రకం పని ఇచ్చే యజమాని ఉండాలి. సప్లిమెంట్ జె అనే ఫారం అడిగేది దాని కోసమే. ఈలోగా ఈఏడీ మీద గ్రాసరీ స్టోర్‌లో పనిచేయడం తప్పు కాదు. కానీ డేటు కరెంట్ అయ్యే, అంటే వరుసలో మీ వంతు వచ్చే, రోజుకు చేతిలో అలాంటి ఆఫర్ లేకపోతే ఏం చేయాలన్నది ఇప్పుడే మాట్లాడుకోవాలి. గ్రీన్ కార్డు గురించి ఆయనకున్న టెన్షన్ నిజమైనదే, అయితే దాన్ని పెట్టాల్సిన చోటు ఇది. బడి భోజనం మీద కాదు.

ఇక అర్హత. 2025-26 విద్యా సంవత్సరానికి నలుగురున్న కుటుంబానికి ఏడాది ఆదాయం 41,795 డాలర్ల లోపుంటే భోజనం ఉచితం. 59,478 లోపుంటే తగ్గింపు ధర. నెల లెక్కన చూస్తే 3,483, 4,957. మీరు చెప్పిన 4,500 రెండో గీత లోపల ఉంది. అంటే మీకు వచ్చేది తగ్గింపు ధర. లంచ్‌కు 40 సెంట్లు, బ్రేక్‌ఫాస్ట్‌కు 30 సెంట్లు దాటి తీసుకోకూడదు. ఇద్దరు పిల్లలకీ కలిపి స్కూలు ఏడాదంతా లెక్క వేసుకుంటే వెయ్యి డాలర్ల దాకా మిగులుతుంది. మీ వారికి గంటలు తగ్గి మీ ఆదాయం మొదటి గీత కిందికి వస్తే మళ్లీ అప్లై చేసి ఉచితం అడగవచ్చు.

ఇల్లుండి తీసుకుంటే మోసం అవుతుందేమో అన్నారు. ఆ ఫారం ఆస్తులు అడగదు. ఇల్లు, కారు, 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఏవీ దానికి అక్కర్లేదు. ఇప్పుడు ఇంట్లోకి నెలనెలా వస్తున్నది ఎంత అని మాత్రమే అడుగుతుంది. నిరుడు మీ వారి జీతం ఎంతన్నదీ అడగదు. అయితే చెప్పాల్సింది మాత్రం మొత్తం చెప్పాలి. పన్నులు కోయకముందు ఎంతో అదే రాయాలి. మార్ట్‌గేజ్ పోను అని, అత్తమామలకు పంపింది పోను అని తగ్గించి రాయకూడదు. సేవింగ్స్ లోంచి నెలనెలా తీసి ఖర్చు పెడుతుంటే అది కూడా లెక్కలోకి వస్తుంది. మీరు ఆ సంగతి రాయలేదు, కానీ ఆరు నెలలుగా ఇంటి లోను కడుతున్నారంటే బహుశా తీస్తూనే ఉంటారు. దాన్ని కలిపితే 4,957 దాటుతారేమో చూసుకోండి. ఎలా చూపాలో తెలియకపోతే డిస్ట్రిక్ట్ చైల్డ్ న్యూట్రిషన్ ఆఫీసుకు ఫోన్ చేయండి. వాళ్లు రోజంతా ఇలాంటి ప్రశ్నలకే జవాబు చెబుతుంటారు. నిజం రాసి అర్హత వస్తే అది మీ పిల్లల హక్కు, రాకపోతే ఇంకో దారి చూసుకుంటారు. రెండింటిలో ఏదీ మోసం కాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: మేం బీదవాళ్లం అయిపోయామా?

ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. అమెరికాలో బడి భోజన చట్టం మీద ట్రూమన్ 1946లో సంతకం చేశారు. పేదరిక రేఖ అనేది తర్వాత వచ్చింది. 1960ల మొదట్లో సోషల్ సెక్యూరిటీ శాఖలో పనిచేసే మాలీ ఓర్షాన్‌స్కీ అనే ఆవిడ, ఒక కుటుంబం అతి పొదుపుగా తినడానికి ఎంతవుతుందో లెక్కగట్టి దాన్ని మూడుతో గుణించారు. ధరల పెరుగుదల కలుపుకుంటూ ఇప్పటికీ దాదాపు ఆ లెక్కే నడుస్తోంది. దానికి 130 శాతం దాకా భోజనం ఉచితం, 185 శాతం దాకా తగ్గింపు. అలాస్కా, హవాయి తప్ప దేశమంతటికీ ఒకటే గీత. మిసిసిపీలో ఒక పల్లెకూ, మీ డాలస్ శివారుకూ తేడా లేదు. ఇంటి అద్దె ఎంతో, లోను ఎంతో ఆ గీతకు తెలియదు. పదేళ్లుగా కష్టంలో ఉన్న ఇల్లూ, ఆరు నెలల కిందట జీతం ఆగిన ఇల్లూ దానికి ఒకటే. కాబట్టి ఆ ఫారం మీ గురించి చెప్పగలిగింది ఒక్కటే, ఈ నెల మీ ఇంటికి వచ్చే డబ్బు ఇద్దరు పిల్లలకు పూర్తి ధర భోజనం కొనడానికి కష్టమవుతుందని. అది నిజమే కదా. మీ అమ్మాయి బ్యాగులో ఆ రోల్ అలాగే తిరిగొస్తున్న ఇంట్లో ఈ మాటను ఒప్పుకోవడానికి నామోషీ పడాల్సింది ఏముంది?

దిగజారడం అన్న మీ వారి మాట గురించి కూడా చెప్పాలి. మన దగ్గర ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనానికి ఎవరి ఆదాయమూ అడగరు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి వండి పెట్టడం మొదలైంది. బడికి వచ్చిన ప్రతి పిల్లకీ పళ్లెం పెడతారు. కానీ హాస్టల్ సీటుకు, స్కాలర్‌షిప్‌కు ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి, తెల్ల రేషన్ కార్డు కావాలి. ఎమ్మార్వో ఆఫీసు వరండాలో, అందరూ చూస్తుండగా నిలబడి తెచ్చుకోవాలి. మీ వారు, వారి నాన్నగారు అలా నిలబడి ఉంటారు. ఇప్పుడు ఆయన కోపం మీ మీద కాకపోవచ్చు. ఆ వరండా దాటి వచ్చేశాం అనుకున్న మనిషికి మళ్లీ ఆదాయం రాసి సంతకం పెట్టమంటే ప్రాణం చివుక్కుమంటుంది. హాస్టల్ మాట ఎత్తి వాదనలో గెలవాలని చూస్తే ఆయన ఇంకా ముడుచుకుపోతారు. ఇంకోలా అడిగి చూడండి. ఆ హాస్టల్ భోజనం తిని చదువుకున్నందుకు ఆయనకు తక్కువైందేమిటో, ఆ సీటు తీసుకోకుండా ఉంటే ఏమై ఉండేవారో ఆయన్నే చెప్పమనండి.

మీరు 2017లో కొట్టేసిన స్కూళ్ల గురించి కూడా మాట్లాడదాం. తప్పు చేశానన్నట్టు రాశారు. నిందించడం నా ఉద్దేశం కాదు. మన వాళ్లు ఇల్లు కొనేటప్పుడు దాదాపు అందరూ చేసే పనే. కానీ మీరు చూసిన ఆ శాతం ఏం కొలుస్తుందో తెలిస్తే, ఇప్పుడు అందులోకి వెళ్లడానికి ఇంత భయం ఉండదు.

భోజనం పెట్టడానికి పుట్టిన ఈ లెక్క కాలక్రమేణా అమెరికా బడుల్లో పేదరికానికి కొలబద్ద అయింది. ఇంటింటి ఆదాయం తెలుసుకునే వేరే దారి బడులకు లేదు. ఈ ఫారంలు మాత్రం చేతిలో ఉన్నాయి. అందుకని అన్నిటికీ వీటినే వాడారు. పేద పిల్లల చదువు కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే టైటిల్ వన్ నిధులను డిస్ట్రిక్టులు ఏ స్కూలుకెంత అని పంచుకునేది ఎక్కువగా వీటితోనే. ఇంటర్నెట్ మీద స్కూళ్లకు ఇచ్చే డిస్కౌంటూ ఇంతే. మీ టెక్సస్‌లో 'ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్' (ఆర్థికంగా వెనకబడిన) అనే ముద్రకు ముఖ్యమైన ఆధారం ఇదే. జాతీయ విద్యా గణాంకాల కేంద్రం, రాయితీ అర్హత ఉన్న పిల్లలు 75 శాతం దాటిన బడిని హై పావర్టీ అనీ, 25 శాతం లేదా అంతకు తక్కువున్న బడిని లో పావర్టీ అనీ పిలుస్తుంది. రేటింగ్ సైట్లు ఆ అంకెను రంగుల్లో పెట్టి మీ ముందుంచాయి.

ఆ అంకె గట్టిదా అంటే, సగం గట్టిది. మిషిగన్ ప్రభుత్వ బడుల మీద మిషెల్‌మోర్, డైనార్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎనిమిదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మందికి భోజన రాయితీ అర్హత ఉంది. కానీ కిండర్‌గార్టెన్ నుంచి ప్రతి ఏడాదీ ఆ అర్హతలో ఉన్నవాళ్లు 14 శాతమే. చదువులో అందరికంటే వెనకబడిందీ వాళ్లే. మిగతా వాళ్లు మీలాగే కొన్నాళ్లు లోపలికి వచ్చి, కొన్నాళ్లకు బయటికి వెళ్లేవాళ్లు. శాతం చెప్పే సైటుకు ఈ రెండు రకాల పిల్లల మధ్య తేడా కనిపించదు. ఇంకో వైపు, అర్హత ఉండి కూడా ఫారం ఇవ్వనివాళ్లు చాలామంది. హైస్కూలుకు వచ్చేసరికి పిల్లలే సిగ్గుపడి వద్దంటారు, దాంతో అక్కడ పేదరికం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. మరో వైపు, కొన్ని బడుల్లో ఈ ఫారమే లేదు. 2010లో వచ్చిన చట్టం కింద, ఫుడ్ స్టాంపుల వంటి పథకాల ద్వారా నేరుగా గుర్తించిన పిల్లలు తగినంత మంది ఉంటే బడి మొత్తానికీ ఉచితంగా పెట్టవచ్చు. ఆ హద్దును 2023లో 40 శాతం నుంచి 25కు దించారు. కాలిఫోర్నియా, మెయిన్, మిన్నెసోటా వంటి రాష్ట్రాలు అసలు ఆదాయంతో సంబంధం లేకుండా పిల్లలందరికీ పెడుతున్నాయి. కాలిఫోర్నియాలో మీ చుట్టాలెవరైనా ఉంటే అడగండి, ఈ ప్రశ్నే వాళ్ల ఇంట్లో రాదు. వాళ్ల పిల్లలు ఉచితంగా తింటున్నంత మాత్రాన వాళ్లను ఎవరూ బీదవాళ్లు అనరు.

అలాగని ఆ అంకెకు అర్థమే లేదనడం కూడా సరికాదు. డబ్బు ఇబ్బంది పిల్లల చదువు మీద పడుతుంది, అలాంటి పిల్లలు ఎక్కువున్న చోట టీచర్ల మీద భారం ఎక్కువ, అందుకే నిధులూ ఎక్కువ కావాలి. అంకె ఆ పని కోసం. టీచర్లు బాగా చెబుతారా లేదా అన్నది అందులో లేదు. ఒక పిల్ల ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లిందో అందులో లేదు. మీరు కొట్టేసిన ఆ స్కూళ్లలో మీ అమ్మాయిలా ఆకలి లేదని అబద్ధం చెప్పే పిల్లలు ఉండి ఉంటారు, వాళ్లలో చాలామంది బాగా చదివే ఉంటారు. ఇకముందు ఎవరైనా స్నేహితురాలు ఇల్లు కొంటూ మీ సలహా అడిగితే ఈ సంగతి చెప్పండి.

ఇక స్కూల్ రేటింగ్. మీ ఇద్దరు పిల్లల వల్ల శాతంలో వచ్చే మార్పు కంటికి ఆనదు. పైగా టెక్సస్ స్కూళ్లకు ఇచ్చే గ్రేడులో ఒక భాగం, ఆర్థికంగా అలాంటి పిల్లలే ఉన్న ఇతర స్కూళ్లతో పోల్చి ఇస్తారు. ఇబ్బందిలో ఉన్న ఇళ్లు ఫారం ఇవ్వకపోతే స్కూలును తనకంటే కలిగిన స్కూళ్లతో పోలుస్తారు, వెనకబడి ఉన్న పిల్లల కోసం రాష్ట్రం ఇచ్చే నిధీ తగ్గుతుంది. మీరు నిజం రాస్తే స్కూలుకు మేలే తప్ప నష్టం లేదు.

తెలుగువాళ్లకు తెలుస్తుందా? ఫారం సమాచారం గోప్యంగా ఉంచాలని ఫెడరల్ చట్టం ఉంది. బయటపెట్టినవారికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. ఎవరిది రాయితీ, ఎవరిది పూర్తి ధర అని తెలిసేలా వేరే లైను, వేరే టోకెను పెట్టకూడదు. మీ అమ్మాయి ఇప్పటిలాగే ట్రే పట్టుకుని వెళ్లి తన నంబరు కొడుతుంది. డబ్బులు మీ అకౌంట్ నుంచే పోతాయి, మూడు డాలర్లకు బదులు 40 సెంట్లు. టేబుళ్ల దగ్గర పాల డబ్బాలు విప్పి ఇచ్చే వలంటీర్ ఆంటీకి ఆ స్క్రీన్‌తో పని ఉండదు.

కెఫెటేరియా గురించి ఒక చిన్న సంగతి పిల్లలిద్దరికీ చెప్పి పంపండి. రాయితీ వర్తించేది పూర్తి భోజనానికి. ఉత్త పిజ్జా ముక్క పెట్టుకుని వస్తే కాదు, పండో కూరగాయో కూడా తీసుకోవాలి. ఒక ఆపిల్ ట్రేలో ఉంటే సరిపోతుంది. చిప్స్, ఐస్‌క్రీమ్ విడిగా కొంటే పూర్తి ధర పడుతుంది, అకౌంట్ మళ్లీ ఖాళీ అవుతుంది. బీఫ్, పోర్క్ తినకపోతే మెనూ నెలకోసారి ఆన్‌లైన్‌లో పెడతారు, ఆదివారం రాత్రి అమ్మాయితో కూర్చుని ఏ రోజు ఏం తీసుకోవాలో చూసుకోండి.

మీ ముందున్న దారులు ఇవీ.

ఈ వారమే ఫారం పంపవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరి సంతకం చాలు. పది పనిదినాల్లోగా జవాబు ఇవ్వాలి. ఒకసారి వస్తే ఈ విద్యా సంవత్సరం చివరిదాకా, వచ్చే ఏడాది మొదటి 30 బడి రోజుల వరకు కూడా నడుస్తుంది. డిసెంబరులో మీ వారికి మంచి ఉద్యోగం వచ్చినా, వచ్చిందని చెప్పి మానుకోవాల్సిన అవసరం చట్టప్రకారం లేదు. మానుకుంటానంటే మీ ఇష్టం.

ఆయనకు చెప్పకుండా కూడా సంతకం పెట్టవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. కానీ జవాబు ఉత్తరం ఇంటికి వస్తుంది, లేదా మెయిల్‌కు వస్తుంది. ఉద్యోగం పోయి చిన్నబుచ్చుకుని ఉన్న మనిషికి ఈ సంగతి ఇంకొకరి ద్వారానో, కవరు చించాకో తెలిస్తే 40 సెంట్లకు మించిన గాయం అవుతుంది. ఆయన పిల్లలు పస్తుంటున్నా పట్టించుకోని మనిషైతే నా మాట వేరేగా ఉండేది. మీ ఉత్తరంలో ఆయన అలా కనిపించలేదు. కాకపోతే అమ్మాయి మధ్యాహ్నం తినడం లేదన్న సంగతి ఆయనకు చెప్పారా? ఫారం గురించి గొడవపడ్డామని రాశారు, ఆ రోల్ గురించి చెప్పామని ఎక్కడా రాయలేదు. ముందు అది చెప్పండి.

ఆయన ఒప్పుకునేదాకా ఆగుతాననుకుంటే అదీ ఒక దారే. ఏడాదిలో ఎప్పుడైనా అప్లై చేయవచ్చు. కానీ అప్పటిదాకా తిన్న భోజనాల బాకీ మాఫీ కాదు, పూర్తి ధరే కట్టాలి. అందుకని ఆగడానికి ఒక గడువు పెట్టుకోండి, లాయర్ జవాబు వచ్చేదాకా అనో, ఈ నెలాఖరు దాకా అనో. ఈలోగా పిల్ల అకౌంట్‌లో కొంచెం డబ్బు వేసి ఉంచండి. పన్నెండేళ్ల పిల్ల పెద్దవాళ్ల నిర్ణయం కోసం ఆకలితో ఎదురుచూడకూడదు.

అసలు ఫారం వద్దు, బాక్సే కడతాం అన్నా తప్పు లేదు. చాలా ఇళ్లు అలాగే నడుస్తున్నాయి. కానీ మీ అమ్మాయి బాక్స్ తినడం లేదు కదా. వాసనని పక్కపిల్లలు ముఖం చిట్లిస్తున్నారా, అందరూ ట్రేలు తెచ్చుకుంటుంటే తాను డబ్బా విప్పడానికి ఇబ్బంది పడుతోందా, లేక ఇంట్లో డబ్బు లేదని తెలిసి తన వంతు తగ్గించుకుంటోందా? మూడూ వేరువేరు సమస్యలు. మొదటి రెండింటికీ బాక్సులో ఏం పెట్టాలో మార్చి చూడవచ్చు. మూడోదైతే బాక్సు మారిస్తే పోదు. రాత్రి మీరిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకునే మాటలు ఆ వయసు పిల్లకు అన్నీ వినిపిస్తాయి.

అందుకే ఏ దారి పట్టినా ఆమెతో మాట్లాడాలి. నాన్న ఉద్యోగం సంగతి దాచవద్దు, అలాగని లెక్కలన్నీ ఆమె నెత్తిన పెట్టవద్దు. "నాన్నకు జీతం తగ్గింది, ఇలాంటప్పుడు బడి భోజనం తక్కువకు ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉంది, మనం అడుగుతున్నాం, నువ్వు రోజూ తినాలి" అని చెబితే చాలు. ఎవరికీ చెప్పకు అని మాత్రం అనకండి, అంటే అది దాచాల్సిన విషయమని ఆమె నేర్చుకుంటుంది. చెప్పాలా వద్దా అన్నది ఆమెకే వదిలేయండి. ఆ మాట ఆమెతో మీ వారే అంటే ఇంకా మంచిది.

ఆఖరున ఒక కాగితం పని. ఫారం పంపితే ఆగస్టు, సెప్టెంబరు పే స్టబ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక కవరులో పెట్టి ఉంచుకోండి. డిస్ట్రిక్టులు ప్రతి ఏడాదీ కొన్ని ఫారంలు ఎంచుకుని నవంబరు 15లోగా సరిచూస్తాయి. సాధారణంగా గీతకు బాగా దగ్గరగా, నెలకు వంద డాలర్ల లోపు తేడాలో, ఉన్న ఆదాయాలను ముందు చూస్తారు. మీ 4,500 అంత దగ్గర కాదు, కానీ సేవింగ్స్ లోంచి తీసింది కలిపితే దగ్గరకు రావచ్చు. ఉత్తరం వస్తే ఏదో పట్టుబడ్డామని కంగారు పడకండి. అడిగిన తేదీలోగా ఆ కాగితాల నకళ్లు పంపండి. జవాబు ఇవ్వకపోతే మాత్రం రాయితీ ఆపేస్తారు.